నిందితుడు, ముద్దాయి, హంతకుడు: తీర్పు రాకముందు ఏ మాట వాడాలి?

నిన్న మన సభ్యురాలు ఒకరు అడిగిన ప్రశ్న: "హత్య కేసులో అరెస్టయిన మనిషిని ఒక పత్రిక నిందితుడు అంటుంది, మరొకటి నేరస్థుడు అంటుంది, టీవీలో హంతకుడు అంటారు, మా తాతయ్య ముద్దాయి అంటారు. ఇవన్నీ ఒకటేనా?"

ఆమె ఎందుకు అడిగారో వరంగల్ వైపు వాళ్లకు తెలుసు. ఇక్కడి హత్య కేసు ఒకదానిలో అభియోగపత్రం (చార్జిషీటు) దాఖలైంది, సెషన్స్ కోర్టులో విచారణ మొదలుకావలసి ఉంది. చాయ్ హోటల్లోనూ వాట్సాప్‌లోనూ అదే చర్చ. కేసు కోర్టులో ఉంది కనుక ఊరి పేరు, మనుషుల పేర్లు రాయను. కింద వ్యాఖ్యల్లో కూడా ఎవరూ రాయవద్దని మనవి. హనుమకొండ అదాలత్‌లో వకీలుగా ఈ మాటలతోనే నాకు రోజూ పని. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

అవన్నీ ఒకటి కావు. పోలీసులు సందేహించిన మనిషి అనుమానితుడు. నేరం చేశాడని కేసులో పేరెక్కితే నిందితుడు. సాక్ష్యమంతా విని కోర్టు నేరం రుజువైందని ప్రకటిస్తే దోషి. నేరస్థుడు, హంతకుడు అనే మాటలు ఆ ప్రకటన తర్వాతే చెల్లుతాయి. అంతకుముందు వాడితే, ఇంకా ఎవరూ ఇవ్వని తీర్పును మనమే ఇచ్చినట్టు. (నేరస్థుడా, నేరస్తుడా అన్న వర్ణక్రమం గొడవ మరోసారి పెట్టుకుందాం.)

"నిందితుడు" చాలా జాగ్రత్తగా కట్టిన మాట. నింద మోపబడినవాడు అని దాని అర్థం. అందులో నింద ఉంది, దాన్ని మోపినవాళ్లు ఎక్కడో ఉన్నారన్న సూచన ఉంది. ఆ నింద నిజమా కాదా అన్నదాని జోలికి మాత్రం ఆ మాట పోదు. "అంత దారుణం చేసినవాణ్ణి పట్టుకుని నిందితుడు అనడమా, మెత్తగా ఉంది" అని కొందరు రాశారు. మెత్తదనం కాదు, ఎంతవరకు తెలుసో అంతవరకే చెప్పడం.

ఈ నింద సంగతి మనవాళ్లకు కొత్త కాదు. వినాయక చవితినాడు అక్షతలు చేతిలో పట్టుకుని ఏటా వినే శమంతకోపాఖ్యానం అచ్చంగా ఒక హత్య కేసు. మన బమ్మెర పోతన భాగవతంలో దశమస్కంధంలో ఉన్న కథే. శమంతకమణిని కృష్ణుడు ఉగ్రసేనుడి కోసం అడిగాడు, సత్రాజిత్తు ఇవ్వలేదు. తర్వాత సత్రాజిత్తు తమ్ముడు ప్రసేనుడు ఆ మణి మెడలో వేసుకుని వేటకు వెళ్లి తిరిగి రాలేదు. ఇంకేముంది, మణి కోసం కృష్ణుడే చంపించాడన్నాడు సత్రాజిత్తు. ఊరు ఆ మాట చెవినుంచి చెవికి మోసింది. ఒకసారి ఆగి చూడండి, ఆ అనుమానానికి ఆధారం లేకపోలేదు. మణి మీద మనసుపడిన సంగతి అందరికీ తెలుసు, అడిగితే కాదన్నారు, ఆ మణి ధరించినవాడు మాయమయ్యాడు. ఈ రోజుల్లో అయితే ఆ సాయంత్రానికే టీవీలో కృష్ణుడు హంతకుడైపోయేవాడు.

ఆ నిందను కృష్ణుడు కోపంతోనో మహిమతోనో పోగొట్టుకోలేదు. పౌరులను వెంటబెట్టుకుని అడవికి వెళ్లాడు. చచ్చిపడి ఉన్న ప్రసేనుణ్ణి, అతడి గుర్రాన్ని అందరూ చూశారు. ఆ జాడ పట్టుకుని వెళితే సింహం కళేబరం, అక్కడినుంచి భల్లూకం గుహ. మణి చేజిక్కాక దాన్ని సత్రాజిత్తుకు ఇంటికి పంపేసి ఊరుకోలేదు కూడా. అతణ్ణి సభకు పిలిపించి, రాజు ఎదుట, మణి ఎలా దొరికిందో చెప్పి ఇచ్చాడు. నలుగురిలో పడిన నింద నలుగురి ముందే పోవాలి. ఆ కథ నుంచే మనకు నీలాపనింద అన్న మాట ఇంటింటి మాటయింది. అప్పటిదాకా కృష్ణుడంతటివాడు నిందితుడే.

ఇక తాతయ్యగారి "ముద్దాయి". ఇది ఉర్దూ ద్వారా మనకు వచ్చిన అరబ్బీ మాట. నిజాం కాలంలో మన కోర్టుల భాష ఉర్దూ కాబట్టి అదాలత్, వకీలు, ఫిర్యాదు, జమానతు, దర్యాప్తు మనవాళ్ల నాలుకమీద స్థిరపడ్డాయి. ముద్దాయిలో ఒక విశేషం ఉంది. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, అంటే వాది. ఎదుటి పక్షం ముద్దాఅలైహి. తెలుగులోకి వచ్చేసరికి అర్థం తిరగబడి, బోనులో నిలబడ్డవాడు ముద్దాయి అయ్యాడు. ఖూనీ కూడా ఇలాంటిదే. ఉర్దూలో ఖూనీ అంటే హంతకుడు, తెలుగులో హత్య. కనుక ఉర్దూ మీడియంలో చదువుకున్న పెద్దలతో మాట్లాడేటప్పుడు ముద్దాయి అంటే ఏ పక్షమో ఒకసారి అడిగి తెలుసుకోవడం మంచిది. ఇవాళ కోర్టు తెలుగులో మాత్రం ముద్దాయి, నిందితుడు ఒక్కరే. ఏ-1 అని పత్రికలు రాసేది ఒకటో ముద్దాయిని.

నన్ను ఎక్కువ బాధపెట్టే మాట వీటిలో లేదు. అది "విచారణ". పోలీస్ స్టేషన్‌లో జరిగేదీ విచారణే, జడ్జి ముందు జరిగేదీ విచారణే అని రాస్తున్నాం. రెండింటికీ ఒకే మాట కావడంతో, స్టేషన్‌లో ఏదో తేలిందంటే కోర్టులో తేలినట్టే చదివేవాళ్లకు అనిపిస్తుంది. పోలీసులది దర్యాప్తు. మాట మనకు ఉండనే ఉంది, అందరికీ అర్థమయ్యేదే. విచారణను కోర్టుకు వదిలేద్దాం. అభియోగపత్రం విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతోంది. అది దర్యాప్తు ముగించి పోలీసులు కోర్టుకు ఇచ్చే నివేదిక. హత్య కేసయితే మెజిస్ట్రేటు దాన్ని సెషన్స్ కోర్టుకు పంపుతారు. అక్కడ జడ్జి ఇరుపక్షాలనూ విని, కేసు నడపడానికి తగిన ఆధారం ఉందనిపిస్తే అభియోగాలు ఖరారు చేస్తారు. నేరం ఒప్పుకుంటావా అని ముద్దాయిని అడుగుతారు. సాక్షుల విచారణ ఆ తర్వాతి మాట. "చార్జిషీటు పడింది, ఇంకా నిందితుడేమిటి" అని రాసిన మిత్రులు ఈ వరుస గమనించాలి. పైగా 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం లెక్కలో క్రిమినల్ కేసు పెండింగులో ఉన్నట్టు భావించేది అభియోగపత్రం దాఖలైనప్పటి నుంచి, లేదా కోర్టు సమన్లో వారంటో జారీ చేసినప్పటి నుంచి. అంటే నోరు జాగ్రత్తగా పెట్టుకోవలసిన కాలం ఇప్పుడే మొదలైంది.

మాటల సంగతి సరే, అసలు చిక్కు క్రియల్లో ఉంది. ఒక నమూనా వార్త చూడండి. ఏ పత్రికదీ కాదు, ఈ చర్చ కోసం నేనే అల్లాను:

"వ్యవసాయ బావి దగ్గర దొరికిన మృతదేహం కేసును ఛేదించినట్టు పోలీసులు తెలిపారు. నిందితుడికి, మృతుడికి మధ్య భూమి విషయంలో పాత కక్షలున్నాయి. మాట్లాడుకుందామని పిలిచిన నిందితుడు అతడికి మద్యం తాగించాడు. మత్తులోకి జారుకోగానే గొడ్డలితో నరికాడు. పోలీసుల విచారణలో నేరం ఒప్పుకున్నాడు."

మొదటి వాక్యంలో "పోలీసులు తెలిపారు" ఉంది. రెండో వాక్యం నుంచి పోలీసులు మాయమయ్యారు. కక్షలున్నాయి, తాగించాడు, నరికాడు అని విలేకరి చెట్టుచాటున నిలబడి చూసినట్టు రాసుకుపోయాడు. నిందితుడు అన్న మాట వాడాడు, మంచిదే. కానీ "నిందితుడు నరికాడు" అన్నాక ఆ మాటలో మిగిలిందేమిటి? ఇక చివరి వాక్యం. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న మాట నిందితుడిపై రుజువుగా పనికిరాదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ 23వ సెక్షన్‌గా అదే ఉంది. అతడి మాటను బట్టి ఏదైనా వస్తువు, గొడ్డలే అనుకోండి, బయటపడితే ఆ మేరకే దాన్ని కోర్టు చూస్తుంది. కోర్టు గుమ్మం దాటలేని ఆ ఒప్పుకోలే పత్రికలో శీర్షిక అవుతోంది.

మన వాడుకలో దీనికి మందు ఉంది: "ట". పొలం దగ్గర జరిగినదాన్ని పక్కింటి ఆవిడ చెబితే "మందు తాగించాడట, గొడ్డలితో నరికాడట" అంటుంది. తాను చూడలేదు, విన్నది చెబుతున్నాను అని ప్రతి క్రియలోనూ ఒక్క అక్షరంతో చెప్పేస్తుంది. నరికాడు అన్నది చూసినవాడి మాట, నరికాడట అన్నది విన్నవాడి మాట. కోర్టులో కొలత కూడా ఇదే. నోటిమాటగా ఇచ్చే సాక్ష్యం ప్రత్యక్షంగా ఉండాలి, అంటే చూసినదైతే చూసినవాడే చెప్పాలి. సాక్షి "నరికాడట" అంటే అక్కడే ఆపుతాం. అలాంటిది రాతకు వచ్చేసరికి మనం ఆ ఒక్క అక్షరం రాల్చేస్తున్నాం.

వార్తలో ప్రతి వాక్యానికీ ట తగిలించలేం, అది వెటకారంగా కూడా వినిపిస్తుంది. నిజమే. ఆ పని చేయడానికి "అని అభియోగం", "అభియోగపత్రం ప్రకారం", "పోలీసుల కథనం" ఉన్నాయి. పై వార్తనే ఇలా రాయవచ్చు: "భూమి తగాదాతో అతణ్ణి పిలిపించి, మద్యం తాగించి, గొడ్డలితో నరికాడని నిందితుడిపై అభియోగం." ఒకే వాక్యం, ఒకే "అని", విషయం ఏమీ తగ్గలేదు.

ఈ ఉదయం వచ్చిన వ్యాఖ్యల్లో ఒకదానికి తప్పక జవాబు చెప్పాలి. "చనిపోయినవాళ్ల ఇంట్లో కూర్చుని ఈ వ్యాకరణం చెప్పగలరా?" అని అడిగారు. చెప్పగలను, చెప్పాను కూడా. మాట జారితే ముందు నష్టపోయేది ఆ కుటుంబమే. నిందితుడి ఫోటో ఊరంతా తిరిగాక గుర్తింపు పరేడ్‌కు, అంటే పదిమందిలో అతణ్ణి సాక్షి గుర్తుపట్టే పరీక్షకు, విలువ ఉండదు. పోలీసులు ముఖానికి ముసుగు వేసి తీసుకొచ్చేది అందుకే. అంతకన్నా పెద్ద ప్రమాదం, సాక్షి తాను చూసినదానికి టీవీలో విన్నది కలిపేసుకోవడం. ఏడాది తర్వాత బోనులో నిలబెట్టి "ఇది మీరు చూశారా, వార్తల్లో విన్నారా?" అని అడిగితే ఆ సాక్షి తడబడతాడు. ఆ తడబాటే ముద్దాయికి సంశయలాభం (బెనిఫిట్ ఆఫ్ డౌట్) తెచ్చిపెట్టవచ్చు.

మన జిల్లా అనుభవమే చూడండి. 2020 మే నెలలో గొర్రెకుంట బావిలో మొదట నాలుగు మృతదేహాలు కనబడ్డాయి, మర్నాడు మరో ఐదు. పొట్టకూటికి వచ్చిన వలస కుటుంబం, వాళ్లతోపాటు మరో ముగ్గురు వలస కార్మికులు, లాక్‌డౌన్ రోజులు. ఆత్మహత్యలేమో అన్నదే మొదట వినబడిన మాట. దర్యాప్తులో హత్యలన్నారు, అదే ఏడాది అక్టోబరులో వరంగల్ కోర్టు ముద్దాయిని దోషిగా తేల్చి మరణశిక్ష విధించింది. తొలిరోజు మాటే చివరి మాటయి ఉంటే తొమ్మిది మంది మరణం ఆత్మహత్యగా మిగిలిపోయేది. ఇంకో రకం కథ 2008 డిసెంబరుది. ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ పోసిన కేసులో పట్టుబడిన ముగ్గురు కొద్ది రోజుల్లోనే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఊరు పోలీసులకు పూలదండలు వేసింది. ఆ ఆడపిల్లలకు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది. కానీ ఆ కేసులో సాక్షి బోనెక్కలేదు, తీర్పు వెలువడలేదు. ఆ ముగ్గురికి చట్టం దగ్గర ఈనాటికీ ఉన్న మాట నిందితులు ఒక్కటే. ఆ బాధిత కుటుంబాలకు మాత్రం, మీ పిల్లలకు ఈ అన్యాయం జరిగింది, చేసింది వీళ్లు అని కోర్టు రాసిచ్చిన కాగితం ఎప్పటికీ రాదు.

మరో రెండు మాటలు త్వరగా. "కిరాతకుడు" అని శీర్షికల్లో విరివిగా వాడుతున్నారు. కిరాతులు అడవిలో వేటాడి బతికిన జనం. మేడారం దారిలో ఉన్న మనకు అడవిబిడ్డల పేరును హంతకులకు పర్యాయపదంగా వాడటం తగదు. రెండోది "అక్రమ సంబంధం". వ్యభిచారాన్ని నేరంగా చూసిన భారత శిక్షాస్మృతి (ఐపీసీ) 497వ సెక్షన్‌ను 2018లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. చట్టంలో నేరం కానిదాన్ని అక్రమం అనడం తప్పు. "వివాహేతర సంబంధం నేపథ్యంలో హత్య" అని మార్చినంత మాత్రాన కూడా సరిపోదు. అది ఎవరి ఆరోపణో చెప్పకుండా "నేపథ్యంలో" అనేస్తే, బదులు చెప్పుకోలేని చనిపోయిన మనిషి మీద నింద వేసినట్టే. నిందితుడికైనా ఒక వకీలు ఉంటాడు, ఆ మనిషికి ఎవరున్నారు?

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు సభ్యులకు ఒక విన్నపం. మీ ఇళ్లలో ఉర్దూ కాలపు దావా కాగితాలు, వాటి తెలుగు నకళ్లు ఉంటే ముద్దాయి అన్న మాట ఏ పక్షానికి వాడారో చూసి చెప్పండి. అర్థం తిరగబడింది కోర్టు రాతలోనా, జనం నోటనా అన్నది తేల్చుకోవాలని ఉంది. కాగితం ఫోటో పెట్టేటప్పుడు మనుషుల పేర్లు, సర్వే నంబర్లు కనబడకుండా చూసుకోండి.