వెన్ను ఆపరేషన్‌కు ముందు ప్రీగాబాలిన్ (నరాల నొప్పికి వాడే మందు) ఇస్తామంటున్నారు, మీ ఇళ్లలో ఎవరైనా వేసుకున్నారా?

అందరికీ నమస్కారం. మా అమ్మకు 68 ఏళ్లు. నడుము దగ్గరి ఎల్4-ఎల్5 వెన్నుపూసల మధ్య నరం నొక్కుకుపోయి, నాలుగడుగులు వేస్తే కూర్చోవాల్సి వస్తోంది. వచ్చే వారం గుంటూరులో ఆపరేషన్.

ఆ రోజు ఉదయం, థియేటర్‌లోకి తీసుకెళ్లే గంట ముందు ప్రీగాబాలిన్ 150 మి.గ్రా., పారాసెటమాల్ ఇస్తామని మత్తు డాక్టరుగారు చెప్పారు. తర్వాత వచ్చే నొప్పి తగ్గుతుందట, ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మందులు (ఓపియాయిడ్లు) కూడా తక్కువ పడతాయట. అమ్మ నొప్పి పడకుండా ఉంటే నాకు అంతకంటే ఏం కావాలి!

కానీ ఒకటే టెన్షన్. అమ్మకు షుగర్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష) 1.6, అంటే కాస్త ఎక్కువే. ఈ మందు ఎక్కువగా కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది కాబట్టి కిడ్నీలు సరిగా పనిచేయనివాళ్లకు డోసు తగ్గిస్తారు. పైగా అమ్మకు ఆయాసం కూడా ఉంది (ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి దగ్గరే వండింది). పెద్ద వయసువాళ్లకు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు, ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్లతో కలిపి వాడేవాళ్లకు ఊపిరి మందగించే ప్రమాదం ఉందని 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఈ మూడూ అమ్మకు వర్తిస్తాయి.

మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఇచ్చి ఉంటే, మర్నాడు లేచి నడిచేటప్పుడు తల తిరిగిందా? మగతగా ఎంతసేపు ఉన్నారు? మత్తు డాక్టర్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి: 75 మి.గ్రా. సరిపోతుందేమో అని అడగడం సబబేనా? ఆ రాత్రి ఆక్సిజన్ మానిటర్ పెట్టమని పట్టుబట్టాలా? నిర్ణయం మా డాక్టరుగారిదే. శుక్రవారం చెకప్‌లో ఏమేం అడగాలో తెలిస్తే చాలు.