సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేతికొచ్చింది, ఇప్పుడు పరిచయాలు పెంచుకోవాలా, పేపర్లు రాసుకోవాలా?

గన్నవరం_అక్క: మా తమ్ముడు 200 గంటలు పూర్తి చేసి సీపీఎల్ తెచ్చుకున్నాడు. ఒక్కో రకం విమానం నడపడానికి విడిగా చేయాల్సిన టైప్ రేటింగ్ ఇంకా చేయలేదు. సీనియర్లేమో బేగంపేటలో వింగ్స్ ఇండియా విమాన ప్రదర్శన జరిగినప్పుడు వెళ్లు, లింక్డ్‌ఇన్‌లో కెప్టెన్లకు మెసేజ్‌లు పెట్టు అంటున్నారు. నాన్న అవన్నీ వదిలేసి ఏటీపీఎల్ (కెప్టెన్ కావడానికి కావాల్సిన పై లైసెన్స్) పేపర్లు రాయమంటున్నారు. ఏది నయం?

హెడ్‌విండ్: నాన్నగారి మాట వినమనండి. ఎయిర్‌లైన్‌లో చేరాలంటే రాత పరీక్ష, సైకోమెట్రిక్, ఇంటర్వ్యూ, సిమ్యులేటర్ చెక్ దాటాలి. సిమ్‌లో టేకాఫ్ దగ్గర ఇంజిన్ ఫెయిల్ చేస్తే మీకు తెలిసిన కెప్టెన్ వచ్చి రడ్డర్ తొక్కడు. పైలట్లకు కావాల్సిన క్లాస్ 1 మెడికల్ సర్టిఫికెట్ కూడా సిఫార్సుతో రాదు.

విజాగ్_వింగ్స్: రెండూ చేసుకోవచ్చు కదండీ.

హ్యాంగర్_అన్న: హెడ్‌విండ్ గారూ, అది సగం మాటే. నేను ఏఎమ్ఈని, అంటే విమానాల మెయింటెనెన్స్ ఇంజినీర్‌ని. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పరీక్షల మాడ్యూళ్లన్నీ పాసైనా లైసెన్స్ చేతికి రాదు, నడుస్తున్న విమానాల మీద పని చేసిన అనుభవం చూపించాలి. బీ1.1 (టర్బైన్ ఇంజిన్ విమానాల మెకానికల్ లైసెన్స్) అయితే డీజీసీఏ గుర్తించిన 147 కోర్సు చేసినవాళ్లకు కూడా రెండేళ్లు కావాలి. ఆ హ్యాంగర్ లోపలికి మనల్ని రానిచ్చేదెవరు? నాకు మా సీనియర్ ఫోన్ చేసి, ఫలానా ఎమ్మార్వోలో (విమానాల రిపేరు కంపెనీలో) ట్రైనీలను తీసుకుంటున్నారు, రేపే రా అన్నాడు. మా బ్యాచ్‌లో నాకంటే మార్కులు ఎక్కువున్నవాడికి ఆ సంగతే తెలియలేదు. వాడిప్పుడు ఈ ఫీల్డ్‌లోనే లేడు.

హెడ్‌విండ్: అడిగింది పైలట్ గురించి. పరిచయం ఉంటే సిమ్ చెక్ లేకుండా తీసుకుంటారా? అవునా, కాదా?

హ్యాంగర్_అన్న: తీసుకోరు. తీసుకుంటారని నేనెక్కడన్నాను?

హెడ్‌విండ్: మరి ఇంక వాదన దేనికి?

రన్‌వే_09: 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ ఎయిర్‌లైన్ ఆగిపోయాక అనుభవమున్న పైలట్లే ఉద్యోగాలు వెతుక్కున్నారు. కొత్తవాళ్ల వంతు ఎప్పుడో అప్పుడు ఎవరూ చెప్పలేకపోయారు.

హ్యాంగర్_అన్న: వాదన దేనికంటే, సిమ్ దాకా వెళ్లాలన్నా ఎప్పుడు పిలుస్తున్నారో, ఏ విమానం రేటింగ్ ఉన్నవాళ్లను పిలుస్తున్నారో తెలియాలి. మీకు చదువొక్కటే సరిపోయిందంటే మీ అదృష్టం, అందరికీ అదే చెప్పకండి.

హెడ్‌విండ్: అదృష్టమా? మా నాన్న రైతు. నేను కెప్టెన్ల ఇళ్ల ముందు ఫైలు పట్టుకుని నిలబడ్డాను. ప్రతి ఒక్కరూ "చూద్దాం బాబూ" అన్నవాళ్లే. నాతో ఎగిరిన ఒకతని తండ్రి కెప్టెన్. ఏ కంపెనీ ఏ విమానాలు తెస్తోందో అతనికి ఇంట్లో అన్నం తింటుండగానే తెలిసిపోయేది. ఆ ఇల్లు లేనివాడితో "వెళ్లి పరిచయాలు చేసుకో" అంటే, ఉద్యోగం రాకపోవడం వాడి తప్పే అన్నట్టు అవుతుంది. నా కోపం దాని మీదే. ఓపెనింగ్స్ ఎప్పుడు, ఎలా అన్నది కంపెనీలే అందరికీ ఒకేసారి చెప్పాలి.

హ్యాంగర్_అన్న: చెప్పాలి, నేనూ అదే అంటాను. కానీ చెప్పేదాకా ఈ అబ్బాయి ఏం చెయ్యాలి? ఐఆర్ (బయట కనిపించకపోయినా పరికరాలు చూసి నడిపే రేటింగ్) ఏడాదికోసారి రెన్యూ చేసుకోవాలి, దానికీ డబ్బే. న్యాయం కోసం వాడు ఇంట్లో కూర్చుని ఎదురుచూడలేడు కదా.

గన్నవరం_అక్క: అసలు సంగతి చెప్తాను. ఫ్లయింగ్ ఫీజులకు పొలం తాకట్టు పెట్టాం. ఇప్పుడు ఆఫర్ లేకుండా సొంత డబ్బుతో ఎయిర్‌బస్ ఏ320 టైప్ రేటింగ్ చేయమంటున్నారు. మళ్లీ అప్పు చెయ్యాలా అన్నదే మా టెన్షన్.

హ్యాంగర్_అన్న: అమ్మా, అయితే కెప్టెన్లను కాదు, ఈమధ్యే చేరిన ఫస్ట్ ఆఫీసర్లను (కో-పైలట్లను) అడగమనండి. అదే అకాడమీ వాళ్లైతే మేలు. ఉద్యోగం అడగొద్దు. రేటింగ్ ముందే చేశావా, కంపెనీ చేయించిందా, ఎన్నాళ్లు ఆగావు అని అడిగితే చాలు.

హెడ్‌విండ్: వాళ్ల జవాబులు వచ్చేదాకా రేటింగ్‌కు ఒక్క రూపాయి కట్టొద్దు. ఈలోపు ఏటీపీఎల్ పేపర్లు రాయమనండి. మెసేజ్‌కు ఎవరూ జవాబివ్వకపోతే ఆ అబ్బాయిని ఏమీ అనకండి.