స్కాన్‌లో బొడ్డుపేగు మెడ చుట్టూ ఉందన్నరు, ఎవరికైనా ఇట్ల అయిందా?

ఉప్పల్ కోడలు:
తొమ్మిదో నెల పడ్డది. బేబీ మెడకు పేగు ఒక చుట్టు ఉందని స్కాన్ రిపోర్టుల రాసిండ్రు. డాక్టరమ్మ "ఏం కాదు, నార్మల్‌కే చూద్దాం" అన్నది. ఇంట్ల మాత్రం ఒకటే లొల్లి. ముహూర్తం చూసి ఆపరేషన్ చేయించుకోమని అత్తమ్మ. మేనమామకు గండమని ఎవరో చెప్పిండ్రట, మా తమ్మునికి నాకన్నా ఎక్కువ బుగులు.

మలక్‌పేట మమ్మీ:
మా పెద్దోడు మెడల పేగు ఏసుకునే పుట్టిండు, నార్మలే. తల బయటికి రాంగనే డాక్టర్ వేలితోని ఆ చుట్టు తప్పించిందట. మా అన్న నూనె గిన్నెల నీడ చూసినంకనే పిల్లగాని మొకం చూసిండు. పోయేదేముంది, చూడనీయి. ఇప్పుడు మామ, అల్లుడు ఇద్దరూ గుండ్రాయిలెక్క ఉన్నరు.

లేబర్‌రూమ్ సిస్టర్:
ప్రసూతి వార్డులో మాకు ఇది మామూలే. నూటికి 20 నుంచి 30 కాన్పుల్లో పేగు మెడకు చుట్టుకునే ఉంటుంది. ఊపిరాడదేమో అని అందరి భయం. కడుపులో బిడ్డ గాలి పీల్చదు కదా అమ్మా, ఆక్సిజన్ అంతా ఆ పేగులోంచే వస్తుంది. అందుకే మేం చూసేది మెడ గురించి కాదు, పేగు నొక్కుకుంటోందా అని. లోపల ఒక సిర, రెండు ధమనులు ఉంటాయి. మాయ నుంచి మంచి రక్తం తెచ్చేది సిర, వాడిన రక్తాన్ని వెనక్కి తీసుకెళ్లేవి ధమనులు. వాటి చుట్టూ వార్టన్ జెల్లీ అని చిక్కటి జిగురు ఉంటుంది కాబట్టి ఒక్క చుట్టుకు అంత తేలిగ్గా అణగవు. పేగు పొడవు 50, 60 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఉమ్మనీటిలో బిడ్డ తిరిగేటప్పుడు చుట్టుకుంటుంది, ఒక్కోసారి అలాగే విడిపోతుంది కూడా. నొప్పుల్లో గుండె చప్పుడు పడిపోయి తేరుకోకపోతే అప్పుడు ఆపరేషన్. కదలికలు తగ్గాయనిపిస్తే మాత్రం అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లండి.

మియాపూర్ నాన్న:
మధ్యలో నాదో ప్రశ్న. కార్డ్ బ్లడ్, అంటే బొడ్డుపేగులోని రక్తం, బ్యాంకులో దాచుకోమని ఏజెంట్ ఒకాయన ఫోన్ల మీద ఫోన్లు. ఈఎంఐ కూడా ఉందట. అవసరమంటారా?

లేబర్‌రూమ్ సిస్టర్:
ఆ రక్తంతో వైద్యం చేసేది నిజమే. 1988లో పారిస్‌లో ఫాంకోనీ అనీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బున్న బాబుకి చెల్లెలి బొడ్డు రక్తమే ఎక్కించారు. చెల్లెలిది, గమనించండి. పుట్టుకతో వచ్చిన జన్యులోపానికి సొంత రక్తం పనికిరాదు, అదే లోపం అందులోనూ ఉంటుంది. ఇంట్లో తలసీమియా లాంటి జబ్బున్న పిల్లలుంటే డాక్టర్‌ని అడగండి. లేదంటే నేనైతే ఆ ఈఎంఐ కట్టను. ఆ రక్తం బిడ్డకే పోనివ్వండి. బిడ్డ పుట్టాక కనీసం ఒక నిమిషం ఆగి పేగుకు క్లాంప్ (బిగించే క్లిప్పు) వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్తోంది. బిడ్డలో ఐరన్ నిల్వలు పెరుగుతాయి.

మలక్‌పేట మమ్మీ:
బొడ్డు ఊడేదాక పసుపు, బూడిద, నూనె ఏదీ రాయకుండ్రి, పొడిగ ఉంచుండ్రి. మాకు రెండు వారాల్లోపే ఊడింది. మా అమ్మ దాన్ని తాయెత్తుల పెట్టించి కట్టింది, అది వేరే ముచ్చట.

ఉప్పల్ కోడలు:
సిస్టర్, మీరు రాసింది అత్తమ్మకు చదివి వినిపించిన. ముహూర్తం సంగతి ఇంకా ఇడుస్తలేదు గానీ "డాక్టరమ్మను నేనే అడుగుతా" అన్నది. ఇంకో డౌటు, నొప్పులప్పుడు బేబీ గుండె చప్పుడు చూసే మానిటర్ బెల్టు కట్టినంక పండుకునే ఉండాల్నా?

లేబర్‌రూమ్ సిస్టర్:
అక్కర్లేదు. కూర్చోవచ్చు, ఎడమ పక్కకు తిరిగి పడుకోవచ్చు. వెల్లకిలా ఎక్కువసేపు మాత్రం వద్దు.