పిల్లాణ్ణి సీడబ్ల్యూసీ (బాలల సంక్షేమ కమిటీ) ముందు పెట్టారు, మా హక్కులేంటి?

ప్రశ్న: పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఎవరో ఫిర్యాదు చేశారు. బాబు ఇప్పుడు హోంలో ఉన్నాడు. ఇంటికి విచారణకు వస్తారట. కాగితాలిస్తే సంతకం పెట్టెయ్యాలా?

జవాబు 1: చదవకుండా వద్దండీ. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ప్రయాణ సమయం పోను 24 గంటల్లో బాబుని కమిటీ ముందు హాజరుపరచాలి; ముందు ఆ తేదీ, టైము సరిచూడండి. సామాజిక విచారణ, అంటే ఇంటికొచ్చి కుటుంబ పరిస్థితులు కనుక్కోవడం, 15 రోజుల్లో ముగించాలి. ఆర్డర్ కాపీ నోటిమాటగా అడిగితే తిప్పుతారు. అర్జీ రెండు ప్రతులు రాసి, మీ ప్రతి మీద ఇన్‌వార్డ్ స్టాంపు (అందినట్టు ముద్ర), తేదీ వేయించుకోండి. టీకా కార్డు, బడి హాజరు జతచేయండి. ఇంటికొచ్చినవాళ్లతో గొడవపడితే అదే రిపోర్టుకెక్కుతుంది.

జవాబు 2: 'సరెండర్ డీడ్' అని ఉంటే ఆగండి! అది బిడ్డను పూర్తిగా వదులుకోవడం. 35వ సెక్షన్ కింద మనసు మార్చుకోవడానికి 2 నెలలే గడువు. ఇంకోటి, తుది నిర్ణయానికి కనీసం ముగ్గురు సభ్యులుండాలి. ఆర్డర్ కింద సంతకాలు లెక్కపెట్టండి.