బరువులు బీసీడీ జేబుల్లోనా, నడుముకి బెల్ట్ మీదా?

కొత్తఈత:
స్కూబా డైవింగ్ కోర్సంతా వెయిట్ బెల్ట్‌తోనే (నీళ్ళలో తేలిపోకుండా సీసం బరువులు గుచ్చి నడుముకి కట్టుకునేది) నేర్చుకున్నాను. ఇప్పుడు సొంతంగా బీసీడీ (సిలిండర్ బిగించుకుని, గాలి నింపుతూ తీస్తూ తేలడం సర్దుకునే జాకెట్) కొందామని చూస్తుంటే దాదాపు అన్నిటికీ బరువుల జేబులు ఉంటున్నాయి, ఇంటిగ్రేటెడ్ వెయిట్స్ అంటారే, అవి. నేర్పినాయన బెల్టే మంచిదంటారు, నాతో డైవ్ చేసే ఫ్రెండేమో బెల్ట్ కాలం ఎప్పుడో పోయింది అంటాడు. నాది 5 మిల్లీమీటర్ల వెట్‌సూట్ (ఒళ్ళు చల్లబడకుండా వేసుకునే నురగరబ్బరు దుస్తులు), అల్యూమినియం సిలిండర్, ఉప్పునీళ్ళలో 6 కిలోల సీసం. డైవ్ సగం అయ్యేసరికి నడుం పట్టేస్తోంది, బెల్ట్ మీద నా కంప్లైంట్ అదొక్కటే. ఏది తీసుకోమంటారు, ఎందుకు? "రెండూ మంచివే, మీ ఇష్టం" అని మాత్రం అనకండి ప్లీజ్, ఆ మాట ఇప్పటికే చాలామంది చెప్పారు.

తాబేలునడక:
జేబులున్నదే తీసుకోండి. మీ నడుం నొప్పికి కారణం బెల్టే. నీళ్ళలో బోర్లా ఈదేటప్పుడు ఊపిరితిత్తుల్లోని గాలి ఛాతీని పైకి లేపుతుంది, సీసమంతా నడుం దగ్గర కిందికి లాగుతుంది, డైవ్ ఉన్నంతసేపూ వెన్ను అలా వంగే ఉంటుంది, నొప్పి రాకేం చేస్తుంది. జేబుల్లో పెడితే ఆ బరువుని మోసేది బీసీడీలోని గాలి, మీ వెన్నెముక కాదు. తుంటి మీద బెల్ట్ నిలవనివాళ్ళకైతే ఇదే మంచి దారి.

సీసంగుండు:
తాబేలు గారూ, నీళ్ళలో సంగతి చెప్పి ఒడ్డు మీద సంగతి దాటేశారు. సిలిండర్ బిగించిన బీసీడీకి ఇంకో 6 కిలోలు తగిలిస్తే అదంతా ఒక్కసారే ఎత్తి భుజాన వేసుకోవాలి. రాళ్ళ మీద నడిచి దిగే చోట అప్పుడు తెలుస్తుంది నడుం నొప్పంటే ఏమిటో. చిన్న పడవలోకి ఎక్కేటప్పుడూ అంతే, బెల్ట్ అయితే ముందు అది విప్పి పైవాళ్ళకి అందిస్తాం, తర్వాత బీసీడీ. జేబులున్నవాళ్ళు పౌచ్‌లు (ఆ జేబుల్లోంచి ఊడివచ్చే సీసం సంచులు) తీసి ఇవ్వకుండా బీసీడీని అలాగే అందిస్తే పైన లాగేవాడి నడుం పోతుంది.

అయినా నేను బెల్ట్ వైపు ఉండడానికి అసలు కారణం ఇది కాదు. బెల్ట్ బకిల్ ఎక్కడికి వెళ్ళినా ఒకేలా విప్పుకుంటుంది, కుడిచేత్తో లాగితే ఊడుతుంది. స్పృహ తప్పిన మనిషిని నీటిపైకి తెచ్చినవాడు ఆ మనిషినీ, ఆ సామానునీ అంతకుముందు ఎప్పుడూ చూడకపోయినా ఏం చేయాలో అతనికి తెలుసు. జేబులు అలా కావు. ఒకదానికి పిడి పట్టుకుని ముందుకి లాగాలి, ఇంకోదానికి క్లిప్ నొక్కాలి, పాతవాటికి వెల్క్రో పీకాలి. కంగారులో ఉన్నవాడు వెతుక్కోవడానికి అదా సమయం?

ఇంకోటి, సిలిండర్ వాల్వ్ ఏ తెగిన వలలోనో చేపల తాడులోనో చిక్కుకుందనుకోండి. బడ్డీ, అంటే జతగా దిగిన డైవర్, అందుబాటులో లేకపోతే నీళ్ళలోనే బీసీడీ విప్పి, ముందుకి తెచ్చుకుని చిక్కు తీసుకోవాలి. బెల్ట్ ఉంటే బరువు మీ ఒంటి మీదే ఉంటుంది కాబట్టి ఉన్నచోటే ఉంటారు. బరువంతా జేబుల్లో ఉంటే బీసీడీ కిందికి పోతుంది, వెట్‌సూట్‌లో ఉన్న మీరు పైకి పోతారు, గాలి మాత్రం దాంట్లోనే ఉంది, మీకూ దానికీ మధ్య మిగిలేది నోట్లో పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటర్, దాని గొట్టం. దాన్ని గట్టిగా పట్టుకుని కిందికి దిగుతూ చిక్కు తీసుకోవడం అందరి వల్లా అయ్యే పని కాదు.

తాబేలునడక:
వలలో చిక్కుకోవడం ఎంతమందికి జరుగుతుందండీ? బెల్ట్ జారిపోవడం మాత్రం రోజూ చూసేదే. 10 మీటర్లకి దిగేసరికి పీడనం రెండింతలవుతుంది, వెట్‌సూట్ నియోప్రీన్‌లోని గాలి బుడగలు సగానికి నొక్కుకుపోతాయి, సూట్ పలచబడుతుంది, పైన బిగుతుగా ఉన్న బెల్ట్ కింద వదులవుతుంది. అది తిరిగి తిరిగి బకిల్ వీపు మీదికి పోతుంది. అప్పుడు ఆ ఎక్కడైనా ఒకేలా విప్పుకునే బకిల్‌ని కుడిచేత్తో ఎక్కడ వెతుక్కోమంటారు? తుంటి దాటి జారి మోకాళ్ళ దాకా వచ్చిందంటే ఇక అడగక్కర్లేదు. పూర్తిగా ఊడిపోతే బరువంతా ఒక్కసారే పోయినట్టు, మనిషి రాకెట్‌లా పైకి. జేబుల్లో ఒక పౌచ్ జారిపోయినా పోయేది సగమే.

సీసంగుండు:
దానికి రబ్బరు బెల్ట్ ఉంది. ఫ్రీడైవర్లు, అంటే సిలిండర్ లేకుండా ఊపిరి బిగపట్టి దిగేవాళ్ళు, ఎప్పటినుంచో అదే వాడుతున్నారు, కాస్త సాగదీసి తుంటి మీద కట్టుకుంటే సూట్ పలచబడ్డకొద్దీ అదీ బిగుస్తుంది. మామూలు నైలాన్ బెల్ట్ అయితే దిగిన తర్వాత ఒకసారి బోర్లా తిరిగి, సీసం వీపు మీద ఆనేలా చేసి బిగించుకోవాలి. నిలువుగా వేలాడుతూ బిగించుకుంటే అది మళ్ళీ జారుతుంది, ఇది కోర్సులో చెప్పేదే, చేసేవాళ్ళే తక్కువ. ఇక ఒక పక్క పౌచ్ పోతే పోయేది సగమే అన్నారు, నిజమే, కానీ రెండో పక్క బరువుకి మనిషి ఒరిగిపోతూ పైకి వెళ్తాడు, అదేం తక్కువ తిప్పలు కాదు.

శంఖం:
ఇద్దరూ బాగానే కొట్టుకుంటున్నారు గానీ ఆ 6 కిలోలు నిజంగా అవసరమా అని ఒక్కరూ అడగలేదు. కొత్తవాళ్ళకి కోర్సులో కావాలనే కాస్త ఎక్కువ సీసం కట్టిస్తారు, నీటి అడుగున నేల మీద మోకాళ్ళ మీద నిలబడాలి కదా, అలా ఉంటే నేర్పడం సులువు. ఆ అంకెనే తర్వాత జీవితాంతం మోస్తారు. ఎక్కువ సీసం, దాన్ని సరిచేయడానికి బీసీడీలో ఎక్కువ గాలి, ఆ గాలి ఛాతీ వైపు, సీసం నడుం వైపు, ఇక కాళ్ళు కిందికి వేలాడుతూ ఈదడం. సగం నడుం నొప్పి అక్కడే ఉంది, బెల్ట్‌లో కాదు.

కొత్తఈత గారూ, ముందు ఇది చేసి చూడండి. డైవ్ అయిపోయి సిలిండర్‌లో 50 బార్ (గాలి పీడనం కొలత) దాకా మిగిలినప్పుడు నీటిపైన నిటారుగా ఉండి, బీసీడీలో గాలంతా తీసేసి, మామూలు శ్వాస ఒకటి తీసుకుని ఆపండి. కళ్ళ మట్టానికి నీళ్ళు వచ్చి ఆగితే బరువు సరిపోయినట్టు. శ్వాస వదలగానే మెల్లగా మునగాలి. శ్వాస ఆపినా రాయిలా మునిగిపోతే ఒక కిలో తీసి మళ్ళీ చూడండి. నిండు సిలిండర్‌తో చూస్తే మాత్రం తర్వాత 2 కిలోలు కలుపుకోవాలి. ఎందుకంటే 11 లీటర్ల సిలిండర్ 200 బార్ వరకు నింపితే అందులో 2200 లీటర్ల గాలి ఉంటుంది, దాని బరువే 2.7 కిలోల దాకా వస్తుంది, డైవ్ చివరికి అందులో రెండు కిలోలు పీల్చేసి ఉంటాం. చివర్లో 5 మీటర్ల దగ్గర ఆగాల్సినప్పుడు ఆగలేక తేలిపోయేవాళ్ళని చూస్తాం కదా, లెక్క అక్కడే తప్పుతుంది. మంచినీళ్ళకి వెళ్ళినా లెక్క మారుతుంది, ఉప్పునీళ్ళు రెండున్నర శాతం బరువెక్కువ, మనిషీ సామానూ కలిపి 100 కిలోలుంటే మంచినీళ్ళలో రెండున్నర కిలోల సీసం తక్కువ పడుతుంది.

ఈ లెక్క తేలాక మీకు 4 కిలోలే చాలని తెలిస్తే ఈ చర్చ సగం తీరిపోతుంది. నాలుగు కిలోల బెల్ట్ నడుముకి పెద్ద బరువేం కాదు.

నీటిపిల్లి:
చల్లటి నీళ్ళలో డ్రైసూట్ (నీళ్ళు లోపలికి రాని సూట్) వేసుకునేవాళ్ళకి ఈ లెక్కలు కుదరవు. 10, 12 కిలోలు ఒకచోటే వేస్తే బెల్ట్ అయినా జేబులైనా నరకమే. కొంత వీపు మీద స్టీల్ పలక (బ్యాక్‌ప్లేట్), కొంత బెల్ట్, కొంత జేబుల్లో, మాకు తప్పదు.

తాబేలునడక:
శంఖం గారు చెప్పింది ఒప్పుకుంటా, బరువు లెక్క ముందు. కానీ ఆపదలో సీసం వదిలేయాలన్న మాట వస్తే జేబులే మేలని ఇప్పటికీ అంటాను. బెల్ట్ వదిలితే మొత్తం పోతుంది. 20 మీటర్ల కింద 6 కిలోలు ఒక్కసారే వదిలితే ఆ పైకి పోవడాన్ని ఎవడూ ఆపలేడు. ఊపిరి బిగపట్టి ఉంటే ఊపిరితిత్తులు చిట్లుతాయి, అది తప్పినా డీకంప్రెషన్ సిక్‌నెస్ (వేగంగా పైకొస్తే ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టే జబ్బు) భయం. జేబులైతే ఒక పక్కే వదలొచ్చు.

సీసంగుండు:
20 మీటర్ల కింద వదలమని ఎవరన్నారు? అక్కడ బీసీడీ సంచి చిరిగినా, బరువు సరిగ్గా ఉన్నవాడు కాళ్ళకున్న ఫిన్స్ కొట్టుకుంటూ పైకి రాగలడు, రాలేకపోతున్నాడంటే అది శంఖం గారు చెప్పిన ఎక్కువ సీసం సంగతే. ఇక అన్ని దారులూ మూసుకుపోతే అప్పుడు వదలాల్సిందే, అది వేరే. బరువు వదలాల్సిన అసలు చోటు నీటిపైన. డైవింగ్ మరణాల విచారణల్లో మళ్ళీ మళ్ళీ బయటపడే విషయం ఏమిటంటే చనిపోయినవాళ్ళలో చాలామందికి సీసం ఇంకా ఒంటి మీదే ఉంది. పైకొచ్చి, అలసిపోయి, బీసీడీలోకి గాలి పోక, నోట్లో రెగ్యులేటర్ లేక అలల్లో మునిగిపోతున్నవాడికి సగం సగం లెక్కలు అక్కర్లేదు, ఒక్క చేత్తో మొత్తం పోవాలి. రెండు పక్కలా రెండు పిడులు వెతికి, ఒక చేత్తో పడవ తాడు పట్టుకుని ఇంకో చేత్తో రెండూ లాగడం కుదిరే పనేనా చెప్పండి.

శంఖం:
ఇక్కడ సీసంగుండు గారి వైపే నా ఓటు. అయితే ఒక మాట, పిడి అలవాటుంటే జేబులూ అంతే వేగంగా వదలొచ్చు. అలవాటే ఉండదు, అది సమస్య. సొంత బీసీడీ కొన్నవాళ్ళలో ఎంతమంది ఆ పౌచ్‌ని నీళ్ళలో ఒకసారైనా కావాలని లాగి పడేసి చూశారు? సీసం పోతుందేమో, వెతుక్కోవాలేమో అని ఎవరూ లాగరు. స్విమ్మింగ్ పూల్‌లో లాగొచ్చు కదా.

కొత్తఈత:
చాలా తెలిసింది, థ్యాంక్స్ అందరికీ. నాకిప్పుడు అనిపిస్తున్నది ఇది: జేబులున్న బీసీడీయే కొంటాను, కానీ సీసమంతా అందులో పెట్టను. ముందు బరువు ఎంత కావాలో చూసుకుని, కొంత బెల్ట్ మీద, కొంత వెనక సిలిండర్ పట్టీకి ఉండే చిన్న జేబుల్లో. కుదురుతుందా? ఇంకో డౌట్, ఆ బీసీడీకి కాళ్ళ మధ్య నుంచి వచ్చే క్రాచ్ స్ట్రాప్ ఉంది, దాంతో బెల్ట్ ఎలా కట్టుకోవాలి?

శంఖం:
కుదురుతుంది. అల్యూమినియం సిలిండర్ ఖాళీ అయ్యేకొద్దీ అడుగు భాగం పైకి లేస్తుంది, పట్టీ దగ్గర కిలో, కిలోన్నర పెడితే దాన్ని పట్టి ఉంచుతుంది, మీరూ అడ్డంగా నిలుస్తారు. అయితే ఆ వెనక జేబుల్లో సీసం వదలడానికి వీలుండదు, వదలాల్సిన బరువు మొత్తం అక్కడ పెట్టకూడదు. పైకి తేలడానికి చాలినంత సీసం బెల్ట్ మీద ఉండాలి, మిగతాది ఎక్కడైనా ఫర్వాలేదు.

సీసంగుండు:
క్రాచ్ స్ట్రాప్ ఉంటే బెల్ట్ చివర్లో, అన్నిటికన్నా పైన కట్టుకోవాలి. ముందు బెల్ట్, దాని మీద స్ట్రాప్ వేసుకున్నారో, బకిల్ విప్పినా బెల్ట్ స్ట్రాప్‌లో వేలాడుతుంది, వదిలాననుకుంటారు, వదలదు. వదిలేటప్పుడు కూడా అక్కడే జారవిడవకుండా చెయ్యి చాచి ఒంటికి దూరంగా పట్టుకుని వదలండి, కత్తికో ఫిన్‌కో తగులుకోకుండా. బెల్ట్ కొస 15, 20 సెంటీమీటర్లు మిగిలేలా కత్తిరించుకోండి, మరీ పొడవైతే దాన్ని ఎక్కడో దోపుకుంటారు, అప్పుడూ ఊడదు.

తాబేలునడక:
ఆ బీసీడీ ముందు జేబులు మాత్రం వృథా చేయకండి, ఎప్పుడైనా మందం సూట్ వేసుకుంటే పనికొస్తాయి. వాడిన రోజు నీళ్ళలోకి దిగేముందు ఒక్కో పౌచ్ లాగి చూడండి, క్లిక్ మన్నట్టు వినిపించినా సరే. మీ బడ్డీకి కూడా ఆ పిడి చూపించి, ఒకసారి అతని చేత్తోనే తీయించండి.