సొంత పూల్ స్టిక్ కొనాలి, పూల్‌కీ స్నూకర్‌కీ ఒకటే చాలా? హైదరాబాద్‌లో ఆడేవాళ్లు చెప్పండి

కేపీహెచ్‌బీ_కట్‌షాట్:
అందరికీ నమస్తే. కేపీహెచ్‌బీలో మా ఇంటి దగ్గరి పార్లర్‌లో ఎయిట్ బాల్ (పూల్‌లో ఒక రకం) ఆడతాను, శని ఆదివారాల్లో ఫ్రెండ్స్‌తో స్నూకర్ కూడా. ఇన్నాళ్లూ పార్లర్ స్టిక్‌తోనే ఆడాను. నిన్న చేతికి బాగా కుదిరిన స్టిక్ ఇవాళ వేరే టేబుల్ వాళ్ల దగ్గర ఉంటుంది, లేదంటే టిప్ (కొనకి అంటించే తోలు ముక్క) ఊడి మూలన పడి ఉంటుంది. అందుకే సొంతది కొందామనుకుంటున్నాను. బడ్జెట్ 15,000 లోపు. నా ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు. వైట్‌కి (తెల్లబంతికి) సైడ్ బాగా ఇస్తాను, అంటే పక్కన కొట్టి స్పిన్ తిప్పుతాను. బ్రేక్, అంటే మొదటి షాట్, గట్టిగా కొడతాను. బ్రిడ్జ్ (స్టిక్ ఆనించే ముందు చెయ్యి) వేలు చుట్టకుండా ఓపెన్‌గా పెడతాను. ఆన్‌లైన్‌లో చూస్తే 12.75 మిల్లీమీటర్లు, 19 ఔన్సులు, లో డిఫ్లెక్షన్, కార్బన్ అని రకరకాలుగా ఉన్నాయి. వీటిలో నా ఆటకి నిజంగా తేడా తెచ్చేది ఏది? రెండు ఆటలకీ ఒకే స్టిక్ సరిపోతుందా?

సికింద్రాబాద్_సీనియర్:
సరిపోదండీ. ముందు బంతులు చూడండి. పూల్ బంతి వ్యాసం 57.15 మిల్లీమీటర్లు, బరువు 156 నుంచి 170 గ్రాములు. స్నూకర్ బంతి 52.5 మిల్లీమీటర్లే, బరువూ తక్కువే. అందుకే స్నూకర్ స్టిక్ టిప్ తొమ్మిదిన్నర, పది మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. పూల్ స్టిక్‌కి మామూలుగా 12.5 నుంచి 13 ఉంటుంది. స్నూకర్ షాఫ్ట్ (స్టిక్ ముందు భాగం) టిప్ నుంచి వెనక్కి వచ్చేకొద్దీ లావెక్కుతూ పోతుంది. పూల్ షాఫ్ట్ మాత్రం ముందు పది పన్నెండు అంగుళాలు దాదాపు ఒకే మందంలో ఉంటుంది. వేలు చుట్టి క్లోజ్డ్ బ్రిడ్జ్ పెట్టేవాళ్లకి షాఫ్ట్ వేళ్ల మధ్య సాఫీగా ఆడాలంటే అలాగే ఉండాలి.

మీరు ఓపెన్ బ్రిడ్జ్ అన్నారు కాబట్టి మీ చేతికి ఏదైనా కుదురుతుంది. మన ఊళ్లో చాలామందిది స్నూకర్ చెయ్యే. స్నూకర్ పుట్టిందే 1875లో జబల్‌పూర్ ఆర్మీ మెస్‌లో అంటారు. ఇక్కడ ఫలక్‌నుమా ప్యాలెస్‌లో పాతకాలపు బిలియర్డ్స్ టేబుల్ ఇప్పటికీ ఉంది. కంటోన్మెంట్ వైపు క్లబ్బుల్లో ఆట నేర్చుకున్న మా తరం వాళ్లెవరూ వేలు చుట్టి బ్రిడ్జ్ పెట్టరు. అయినా సన్నటి టిప్‌తో పూల్ బ్రేక్ కొట్టొద్దు. ఆ దెబ్బకి టిప్ అణిగి పక్కలకి ఉబ్బుతుంది, ఒక్కోసారి ఊడి వస్తుంది. ఎక్కువ ఆడేది పూలే కాబట్టి పూల్ స్టిక్ కొనండి. స్నూకర్‌కి ప్రస్తుతానికి పార్లర్ స్టిక్ చాలు.

నల్లబంతి_సరూర్‌నగర్:
సీనియర్ గారి మాటకి ఎదురు చెప్పాలని కాదు గానీ, నేను స్నూకర్ స్టిక్‌తోనే పూల్ ఆడతాను. నాది మెల్లటి ఆట. పొజిషన్ కోసం వైట్‌ని కొద్దికొద్దిగా జరుపుకుంటూ వెళ్తాను, జోరుగా కొట్టే షాట్లు తక్కువ. టిప్ సన్నగా ఉంటే వైట్ మీద ఎక్కడ తగులుతుందో నాకు స్పష్టంగా కనిపిస్తుంది. బ్రేక్ మాత్రం పార్లర్ స్టిక్‌తో కొట్టి, మిగతా ఆటంతా నా దాంతో ఆడతాను. ఇలా ఆడేవాళ్లు మా పార్లర్‌లో ఇంకా ఉన్నారు. గట్టిగా కొట్టే తమ్ముడికి మాత్రం ఇది చెప్పను.

వైట్_ఎటు_పోయింది:
బ్రో, నీ పోస్ట్‌లో అసలు విషయం "సైడ్ బాగా ఇస్తాను" అన్న ముక్క. బరువు, కంపెనీ తర్వాత చూడొచ్చు.

వైట్‌కి కుడిపక్క కొడితే అది నువ్వు గురి చూసిన గీత మీద వెళ్లదు, కొంచెం ఎడమకి తప్పుతుంది. డిఫ్లెక్షన్ అంటే అదే. టిప్ తగిలిన క్షణంలో స్టిక్ ముందు చివరైనా పక్కకి జరగాలి, వైట్ అయినా జరగాలి. ముందు చివర తేలికగా ఉంటే స్టిక్ జరుగుతుంది, వైట్ దాదాపు తిన్నగా పోతుంది. ముందు భాగం బరువుగా ఉంటే వైట్ పక్కకి పోతుంది. అందుకే లో డిఫ్లెక్షన్ షాఫ్టుల్లో ముందు కొన్ని అంగుళాలు లోపల డొల్లగా చేస్తారు, ఫెరూల్ (టిప్ కింది చిన్న తొడుగు) పొట్టిగా తేలికగా పెడతారు, టిప్ కూడా సన్నం చేస్తారు. ప్రెడేటర్ కంపెనీ 314 షాఫ్ట్‌కి పేరొచ్చింది ఇందుకే. షాఫ్ట్ గట్టిగా ఉందా, వంగుతోందా అన్నదానికంటే ముందు చివర బరువే ఇక్కడ ముఖ్యం.

దీన్ని టేబుల్ మీదే చూడొచ్చు. వైట్‌ని బ్రేక్ కొట్టే వైపు మధ్యలో పెట్టు. ఎదుటి కుషన్ (టేబుల్ అంచు) మీద నడిమి గుర్తు దగ్గర చాక్ (టిప్‌కి రాసే సుద్ద) ముక్క పెట్టి దానికి గురిపెట్టు. ముందు వైట్ నడిమధ్యన కొట్టి నీ చెయ్యి తిన్నగా పోతోందో లేదో చూసుకో. తర్వాత స్టిక్‌ని కోణం మార్చకుండా ఒక టిప్ మందం కుడికి జరిపి, అదే గీతకి సమాంతరంగా కాస్త జోరుగా కొట్టు. వైట్ చాక్‌కి ఎంత ఎడమగా కుషన్‌ని తాకిందో గుర్తు పెట్టుకో. పార్లర్‌లో ఉన్న రెండు మూడు స్టిక్‌లతో ఇదే చెయ్యి. మెల్లగా కొడితే మాత్రం లెక్క తప్పుతుంది. వెనక చెయ్యి కొంచెం ఎత్తుగా ఉన్నా చాలు, వైట్ పోయేకొద్దీ స్పిన్ ఉన్న వైపుకి, అంటే కుడికి, వంపు తిరుగుతుంది. బొచ్చు ఎక్కువగా ఉన్న గుడ్డ మీద ఈ వంపు బాగా కనిపిస్తుంది.

ఇంకో మాట. లో డిఫ్లెక్షన్ తీసుకున్నంత మాత్రాన సైడ్ షాట్లు వాటంతటవే పడవు. పాత స్టిక్‌తో ఎంత పక్కకి గురి చూడాలో నీ కంటికి అలవాటై ఉంటుంది. కొత్తదానితో ఆ లెక్క మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. అందుకే ఒకదానితో స్థిరపడటం ముఖ్యం, రోజుకో స్టిక్‌తో ఆడితే ఆ లెక్క ఎప్పటికీ కుదరదు.

కేపీహెచ్‌బీ_కట్‌షాట్:
థాంక్స్ అన్నా, ఇవాళే చేసి చూశాను. లావు టిప్ ఉన్న పాత స్టిక్‌తో వైట్ చాక్‌కి అరచేయి వెడల్పు దూరంలో తగిలింది. సన్నటి షాఫ్ట్ ఉన్న ఇంకోదానితో అందులో సగం కూడా లేదు. దూరపు కట్ షాట్‌కి (బంతిని పక్కగా కోసే షాట్) సైడ్ ఇచ్చినప్పుడు వైట్ మందంగా, అంటే బంతి మధ్యకి దగ్గరగా, ఎందుకు తగులుతోందో ఇప్పుడు అర్థమైంది.

తార్నాక_లెఫ్టీ:
పొడవు, బరువు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. మామూలు పూల్ స్టిక్ 58 అంగుళాలు ఉంటుంది. పొట్టివాళ్లు దీనికంటే పొట్టి స్టిక్ కొనాలని షాపులో చెప్తుంటారు, నా అనుభవంలో ఆ అవసరం లేదు. వైట్‌కి టిప్ తగిలే క్షణంలో మోచేతి నుంచి మణికట్టు దాకా చెయ్యి నేల వైపు నిటారుగా ఉండాలి. అలా ఉంటే నా పట్టు ముందుకి పడుతుంది, వెనక జానెడు స్టిక్ మిగిలిపోతుంది. దానివల్ల ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా బ్యాలెన్స్‌తోనే. వెనక బరువు ఎక్కువైతే నా చేతిలో టిప్ పైకి లేస్తుంది. అందుకని ముందుకి కాస్త బరువుండే 18.5 ఔన్సులది తీసుకున్నాను.

బ్యాలెన్స్ చూడటం తేలిక. స్టిక్‌ని ఒక వేలి మీద అడ్డంగా నిలబెట్టి, నిలిచిన చోటు వెనక చివర నుంచి ఎంత దూరమో కొలవండి. చాలా స్టిక్‌లకి 18, 19 అంగుళాల దగ్గర వస్తుంది. బరువు విషయంలో 19 ఔన్సులు, అంటే దాదాపు 540 గ్రాములు, ఎక్కువమందికి సరిపోతుంది. రూల్ ప్రకారం 25 ఔన్సుల దాకా ఉండొచ్చు, కాబట్టి నిర్ణయించాల్సింది మీ చెయ్యే. చాలా స్టిక్‌లకి వెనక రబ్బరు తీస్తే లోపల బరువు బోల్టు ఉంటుంది, దాన్ని మార్చి తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. పెంచితే బ్యాలెన్స్ కూడా వెనక్కి వస్తుందని గుర్తుంచుకోండి. బ్రేక్‌కి బరువైన స్టిక్కే కావాలని కూడా ఏమీ లేదు. తేలికైనదాన్ని చెయ్యి ఇంకా వేగంగా తిప్పగలదు.

మార్కర్_హిమాయత్‌నగర్:
నేను ఒక పార్లర్‌ల మార్కర్‌గ (స్కోరు, టేబుళ్లు చూసుకునే పని) చేస్తున్న, టిప్‌లు నేనే మారుస్త. అందరు స్టిక్ గురించి రాస్తున్నరు గాని టిప్ గురించి ఎవ్వరు రాస్తలేరు. ఎంత మంచి స్టిక్ అయినా టిప్ గట్టిపడి మెరుస్తుంటే వైట్ మీద జారుతది. మీ స్టిక్ టిప్ మార్చడానికి ఇచ్చినప్పుడు పక్కన నిలబడి చూడుండ్రి.

పాతది బ్లేడుతోని తీసినంక ఫెరూల్ మీద ఎండిన గమ్ మొత్తం పోవాలె. గరుకు కాగితాన్ని చదునైన బల్ల మీద పెట్టి, ఫెరూల్‌ను నిటారుగ పట్టి రుద్దాలె. ఊగిందంటే టిప్ ఒక పక్కకు ఒరుగుతది. కొత్త టిప్ అడుగు గూడ గట్లనే గరుకు చెయ్యాలె. గమ్ ఒక్క చుక్క చాలు. పెట్టినంక చుట్టు తిప్పి నడిమిట్ల ఉన్నదా చూడాలె, ఒత్తి పట్టుకోవాలె. ఆరినంక టిప్‌ను బల్లకు ఆనించి, బయటికొచ్చిన అంచును బ్లేడుతోని కోస్త. ఆఖరుకు పక్కలకు కొంచెం తడి పెట్టి తోలు ముక్కతోని గట్టిగ రుద్దుత. గప్పుడు అంచు గట్టిపడి, పుట్టగొడుగు లెక్క ఉబ్బదు.

మెత్తటి టిప్ చాక్‌ను మంచిగ పట్టుకుంటది, గాని తొందరగ అణుగుతది. గట్టి టిప్ షేప్ నిలుస్తది, గాని ప్రతి షాట్‌కు చాక్ పెట్టకుంటే జారుతది. తమ్ముడు సైడ్ ఎక్కువ ఇస్తడు, గట్టిగ కొడుతడు, కాబట్టి పొరలు పొరలుగ చేసిన మీడియం టిప్ ఏసుకో. గుండ్రనం చూడాలంటె టిప్ పక్కన రూపాయి బిళ్ల పెట్టి చూడు, పూల్ స్టిక్‌కు దాదాపు గా బిళ్ల అంచు వంపే ఉండాలె.

అబిడ్స్_అడ్డా:
కొనే చోట చూసుకోవాల్సినవి రెండు చెప్తాను. ఎల్బీ స్టేడియం దగ్గరి స్పోర్ట్స్ షాపులకి వెళ్తే చేత్తో పట్టుకుని చూడొచ్చు, అందుకే నేను ఆన్‌లైన్ కంటే అదే నయమంటాను. స్టిక్‌ని టేబుల్ మీద దొర్లించి తిన్నగా ఉందని అనేయొద్దు. జాయింట్ (రెండు ముక్కలు బిగించే చోటు) దగ్గర చిన్న తేడా ఉన్నా దొర్లేటప్పుడు ఎగురుతుంది, కానీ షాఫ్ట్ బాగానే ఉండొచ్చు. షాఫ్ట్, బట్ (వెనక భాగం) విడదీసి ఒక్కొక్కటీ కంటి దగ్గర పెట్టుకుని, తిప్పుతూ పొడవునా చూడండి. ఆ తర్వాత బిగించి చూడండి. రెండోది, పెద్ద కంపెనీ పేరుతో మరీ తక్కువ ధరకి వస్తే అది నకిలీయే అనుకోండి.

గచ్చిబౌలి_నైన్‌బాల్:
కార్బన్ షాఫ్ట్ గురించి ఎవరైనా చెప్పండి. మా ఆఫీస్‌లో అందరూ అదే అంటున్నారు.

వైట్_ఎటు_పోయింది:
నేను వాడుతున్నాను. తేమకి వంగదు, గుడ్డతో తుడిస్తే శుభ్రమవుతుంది, డిఫ్లెక్షన్ తక్కువ. చప్పుడు మాత్రం వేరేగా ఉంటుంది, కొందరికి అది నచ్చదు. పేరున్న కంపెనీదైతే షాఫ్ట్ ఒక్కటే వందల డాలర్లు పోతుంది. తమ్ముడి బడ్జెట్‌లో ఆ మాట వద్దు. ఆ బడ్జెట్‌లో మంచి మేపుల్ చెక్క స్టిక్, నాలుగు టిప్‌లు, కేస్ వస్తాయి.

సికింద్రాబాద్_సీనియర్:
కేస్ అన్నారు కాబట్టి చెప్తున్నా. మే నెలలో కారు డిక్కీలో స్టిక్ వదిలేయకండి. బయటే 40 డిగ్రీలు దాటుతుంది, మూసిన డిక్కీలో ఇంకా ఎక్కువ. వానాకాలంలో ఏసీ పార్లర్ నుంచి బయటికి, మళ్లీ ఏసీలోకి తిప్పుతూ కేస్ లేకుండా మోస్తే చెక్క ఒకసారి తేమ పీల్చుకుంటుంది, ఒకసారి ఆరిపోతుంది. వంకర వచ్చేది అందువల్లే. చేతి చెమటకి షాఫ్ట్ జిగటగా అయితే టాల్కమ్ పౌడర్ చల్లొద్దు, అది టేబుల్ గుడ్డకి పడుతుంది. మూడు వేళ్ల గ్లవ్ వేసుకోండి. గరుకు కాగితంతో షాఫ్ట్ రుద్దేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. రుద్దిన ప్రతిసారీ చెక్క తరుగుతుంది. తడి పిండేసిన గుడ్డతో ఒకసారి తుడిచి, వెంటనే పొడిగుడ్డతో వేడెక్కేలా రుద్దితే చాలు.

కేపీహెచ్‌బీ_కట్‌షాట్:
అందరికీ చాలా థాంక్స్. మేపుల్ షాఫ్ట్, 12.5 మిల్లీమీటర్ల టిప్, 19 ఔన్సులు, మీడియం టిప్. బ్రేక్‌కి పార్లర్ స్టిక్కే వాడతాను. శనివారం షాపుకి వెళ్తున్నా. ఇంకేమైనా అడగాలా?

వైట్_ఎటు_పోయింది:
జాయింట్ పిన్ ఏ రకమో అడిగి ఫోన్‌లో రాసిపెట్టుకో. 5/16 x 18, 3/8 x 10, యూనిలాక్, రేడియల్ అని చాలా ఉన్నాయి, ఒకదాని షాఫ్ట్ ఇంకోదానికి బిగవదు. తర్వాత ఎప్పుడైనా లో డిఫ్లెక్షన్ షాఫ్ట్ మాత్రం కొనాలంటే పిన్ కుదిరితే చాలు, బట్ మార్చక్కర్లేదు. రెండు మూడు కంపెనీల షాఫ్టులు దొరికే పిన్ ఉన్నదే తీసుకో.