కొలోసియం పజిల్ నడిమధ్యన ఉబ్బుతోంది, అతికించేదెలా?

మాది ఒంగోలు. రోమ్ కొలోసియం బొమ్మతో ఉన్న జిగ్సా పజిల్ పూర్తికావచ్చింది. పెట్టె మీద 1000 అని ఉన్నా, అడ్డం 38, నిలువు 27, అంటే 1026 ముక్కలు. అందులో అంచువి 126.

తోరణాలతో పేచీ లేదు. స్తంభాల తలలు చూస్తే అంతస్తు తెలిసిపోతుంది: కింద సాదా, రెండోదానికి చుట్టలు, మూడోదానికి ఆకులు. నాలుగో అంతస్తులో తోరణాలే ఉండవు, చిన్న కిటికీలే. ఏడిపించింది ఆకాశం. అంతా ఒకటే నీలం, తప్పు ముక్క కూడా ఒద్దికగా కూర్చుంటుంది! ట్యూబ్‌లైటుకు అడ్డంగా పట్టి, సందులోంచి వెలుతురు వస్తే తీసేస్తున్నాం.

అసలు చిక్కు ఇది. ఈ ఉక్కకి అట్ట తేమ పీల్చి మధ్యలో అర సెంటీమీటరు పైకి లేచింది. పక్కకి జరిగే చోటు లేదు మరి. తెల్ల జిగురులో సగానికి సగం నీళ్లు కలిపి ఓ చిన్న పజిల్ మీద పూసి చూస్తే, ఒకవైపే తడిసి అంచులు అప్పడంలా లేచాయి.

జిగురు నీళ్లు కలపకుండా పాత ఏటీఎం కార్డుతో పల్చగా లాగితే సరిపోతుందా, వెనకవైపూ పూయాలా? వెనకవైపు అంటే రెండు ప్లైవుడ్ ముక్కల మధ్య బిగించి తిరగేయాలి, అప్పుడు మధ్యలో విడిపోదా? ఫ్రేము కట్టించాక అద్దానికి అంటుకోకుండా ఎన్ని మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి? నెల్లూరు, కావలి లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో చేసినవాళ్లు చెబితే మరీ మంచిది.